ఊగింది నేనా, ఆయన చేతులా?

నేను ఒక మోటారు సైకిల్ని. నల్ల రంగు, ట్యాంకు మీద ఎర్ర గీత, నూరు సీసీల ఇంజను. ఉత్తరాదిలో ఒక ఫ్యాక్టరీలో నాతోపాటు ఒకే రోజు కొన్ని వందల బళ్ళు పుట్టాయి. అందరం ఒకేలా ఉన్నాం. లారీలో మమ్మల్ని వరసగా నిలబెట్టి, తాళ్ళతో కట్టి పంపించారు. రాష్ట్రాలు దాటి, మెల్లమెల్లగా ఒక్కొక్కరం దిగిపోయాం. నేను కంభంలో దిగాను.

నన్ను మొదట కొన్నది బ్యాంకులో పనిచేసే శేషఫణి గారు. ఆయన ఆదివారం మాత్రమే నన్ను బయటికి తీసేవారు. పసుపుగుడ్డతో తుడిచినంతసేపు తుడిచి, రెండు వీధులు తిప్పి, మళ్ళీ తుడిచి లోపల పెట్టేవారు. మబ్బు పట్టిందంటే ఆ రెండు వీధులూ లేవు. నడవడానికి పుట్టినదాన్ని మూడేళ్ళు నిలబడే గడిపాను. ఆయనకు బదిలీ అయింది. నన్ను అమ్మేస్తూ, "పసిబిడ్డలా చూసుకున్నానండీ, మీరూ అలాగే చూసుకోండి" అని కొనుక్కునే మనిషికి అప్పగింతలు పెట్టారు.

"నేను చూసేది ఎటూ పసి దూడల్నే లెండి" అన్నాడాయన నవ్వుతూ.

ఆయన పేరు ఓబులేసు. పల్లె పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. కాగితాల మీద ఆయన ఉద్యోగం పేరు ఇంకేదో ఉంది కానీ ఊళ్ళలో అందరికీ ఆయన డాక్టరయ్యే. మరునాటినుంచి నాకు వెనకాల మందుల ఇనపపెట్టె, దాని మీద టీకాల ఐసుపెట్టె. పసుపుగుడ్డ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బురద, పేడ, రాళ్ళదారి, అడవి పక్క పల్లెలు. నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆయన పని చేసే పద్ధతి నాకు చాలా ఇష్టం. గొడ్డు దగ్గరికి వెళ్ళగానే సూది తీయడు. కాసేపు ఊరికే నిలబడి చూస్తాడు. డొక్క మీద చెయ్యి వేస్తాడు. తర్వాత రైతును అడుగుతాడు. నెమరు ఎప్పుడు మానేసింది? నీళ్ళు తాగుతోందా? నిన్న ఎక్కడ మేసింది? నోరు లేని జీవి చెప్పలేనిదంతా చేతులతో, ప్రశ్నలతో రాబట్టేవాడు. అడ్డం తిరిగిన దూడల్ని లోపలికి చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే చూసి తిప్పేవాడు. ఆ చేతుల మీద చుట్టుపక్కల పదహారు ఊళ్ళకు నమ్మకం.

ఒక శ్రావణమాసంలో, వానల్లో, పాము కరిచిన ఎద్దు కోసం పరుగున వెళుతున్నాం. కల్వర్టు దగ్గర నీళ్ళ కింద గుంట ఉందని ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ముందు చక్రం దబ్బున దిగి లేచింది. పడలేదు. ఆయన ఆగలేదు కూడా. కానీ నా లోపల ఎక్కడో ఏదో అయింది. ఎక్కడో నాకే స్పష్టంగా తెలియలేదు.

నెలా రెండు నెలలకు బయటపడింది. మేం తరచూ వెళ్ళే బర్రెల గురవమ్మ వాళ్ళ ఊరి దిగుడులో యాక్సిలరేటరు వదిలాడు. వేగం యాభై నుంచి నలభైకి దిగుతుండగా నా హ్యాండిలు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఆయన గట్టిగా బిగించి పట్టుకున్నాడు. ఆగింది. కాస్త వదులు చేస్తే మళ్ళీ మొదలు.

మొదటి మెకానిక్కు చూడగానే టైరన్నాడు. కొత్త టైరు వేశాడు. ఊపు పోలేదు. రెండో మెకానిక్కు చక్రం వంకర పోయిందన్నాడు. చువ్వలన్నీ బిగించి సరిచేశాడు. ఊపు పోలేదు. మళ్ళీ వెళితే పెట్టె దింపేసి, నన్నెక్కి, రయ్యిన మెయిన్ రోడ్డు దాకా పోయి వచ్చాడు.

"బండికేం లేదు సార్, కత్తిలా ఉంది. మీ చేతులే వణుకుతున్నట్టున్నాయి" అని నవ్వేశాడు.

అతను ఆ మాట అప్పుడే మరిచిపోయి ఉంటాడు. ఓబులేసు మరిచిపోలేదు. ఆయన తండ్రి దర్జీ. యాభై ఏళ్ళు రాకముందే చేతులు వణకడం మొదలైంది. ముందు సూదిలో దారం ఎక్కేది కాదు. తర్వాత కత్తెర పట్టు తప్పింది. చివరికి నీళ్ళ గ్లాసు కూడా ఎవరో ఒకరు పట్టాల్సి వచ్చింది. ఓబులేసుకు అప్పటికి నలభై తొమ్మిది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు పెరట్లో నా పక్కన నిలబడి రెండు చేతులూ చాచి, వాటి మీద దినపత్రిక కాగితం పరిచి చూసుకునేవాడు. కాగితం కదిలేది. ఎవరి చేతులైనా అంతసేపు చాచి ఉంచితే కదులుతాయి. పైగా పెరట్లో గాలి. ఇన్ని జీవాల జబ్బులు చూసిన మనిషికి ఆ మాత్రం తెలియదా? తన దాకా వస్తే మనుషులకు తెలిసినవన్నీ ఎటు పోతాయో!

నన్ను తీయడం మానేశాడు. ఆసుపత్రికి ఆటోలో వెళ్ళేవాడు. సూదులు ఇంకొకరి చేత వేయించేవాడు. ఇంట్లో అడిగితే బండికి రిపేరు ఉందనేవాడు. అది ఒక రకంగా నిజమే.

ఒక ఉదయం గురవమ్మ ఫోను చేసింది. ఆయన నా సీటు మీద చెయ్యి ఆనించి మాట్లాడుతున్నాడు కాబట్టి నాకు అంతా వినిపించింది. బర్రె ఈనలేకపోతోంది. దూడ కాలు ఒకటే బయటికి వచ్చింది, తల వెనక్కి తిరిగి ఉంది.

"డాక్టరయ్యా, ఒక్కసారి రాయ్యా. నీ చెయ్యి పడితే సాలు."

ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు. "నాకు ఒంట్లో బాలేదు గురవమ్మా. పెద్దాసుపత్రికి చెప్తా, డాక్టరు గారు వస్తారు" అన్నాడు.

చెప్పాడు. వాళ్ళు వచ్చారు. కానీ దూరం నుంచి రావాలి కదా. బర్రె బతికింది. దూడ చనిపోయింది.

ఆ పూట ఆయన అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాడు. భార్య తిరుపాలమ్మ వెనకే పెరట్లోకి వచ్చింది. అప్పుడు మొత్తం చెప్పాడు. తండ్రి చేతులు, మెకానిక్కు మాట, కాగితం, గురవమ్మ దూడ. ఆమె నా పక్కనే మెట్టు మీద కూర్చుని విన్నది.

"నువ్వు చెప్పేది ఒకటి నాకు అర్థం కాలా" అన్నది చివరికి. "బండి మానేయకముందు మా తమ్ముడింటికి పోయేటప్పుడు నువ్వు ఒక చేత్తో మొకం తుడుచుకున్నావు. అప్పుడే గదా బండి ఊగింది? నువ్వు రెండు చేతులా పట్టుకోంగానే ఆగింది. వణికే చేతులు పట్టుకుంటే ఆగుద్దా, ఇంకా ఎక్కువవుద్దా?"

ఆయన నా హ్యాండిలు వైపు చూశాడు.

"ముందు బండిని సరిగ్గా చూసేవాళ్ళకు చూపిద్దాం. దానిది కాదంటే అప్పుడు నీ చేతులు చూపిద్దాం. రెండింటికీ నేను వస్తా."

ఆయన ఎక్కనన్నాడు. సరేనని నడిపించుకుంటూ బయల్దేరారు. ఆయన హ్యాండిలు పట్టుకున్నాడు, ఆమె వెనక నుంచి తోసింది. దారిలో కనపడిన ప్రతివాళ్ళూ "పెట్రోలు అయిపోయిందా?" అంటే "అవునవును" అని తిరుపాలమ్మే చెప్పింది. నా ట్యాంకు మూడు వంతులు నిండి ఉంది.

మెకానిక్కు ఖాజావలి షెడ్డు బస్టాండు వెనక. అరవై దాటిన మనిషి. నన్ను చూసి పానా తీస్తాడనుకున్నాను. తీయలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, తిరుపాలమ్మ జరిగిందంతా చెబుతుంటే విన్నాడు.

"ఎప్పుడు ఊగుద్ది సారూ? స్పీడు పెరిగేటప్పుడా, తగ్గేటప్పుడా?"

"తగ్గేటప్పుడు. నలభై కాడ."

"బ్రేకు పడితేనా?"

"పట్టకపోయినా ఊగుద్ది."

"వట్టి బండా, వెనక బరువుంటేనా?"

ఓబులేసు ఆగి ఆలోచించాడు. "పెట్టె ఉంటే ఎక్కువ. వెనక ఈమె ఉన్నా అంతే."

"మరి ఆ పెట్టె ఇంటికాడ పెట్టి వస్తే జబ్బు యాడ కనపడుద్ది?"

చాలా రోజుల తర్వాత ఓబులేసు ముఖంలో కాస్త వెలుగు చూశాను. రైతుల్ని తాను అడిగే తీరులోనే ఖాజావలి తనను అడుగుతున్నాడని గుర్తుపట్టినట్టున్నాడు.

ఖాజావలి పాత ఇంజనాయిలు నింపిన రెండు డబ్బాలు నా వెనక కట్టాడు. నన్నెక్కి రోడ్డు మీదికి పోనిచ్చాడు. యాభై దాటించి, యాక్సిలరేటరు వదిలి, హ్యాండిలు మీద చేతులు తేలిగ్గా ఆనించాడు. ఊగాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రోజు మాత్రం మనసారా ఊగాను.

తిరిగి వచ్చేసరికి ఓబులేసు చేతులు రెండూ చంకల్లో దాచుకుని నిలబడి ఉన్నాడు.

"ఊగింది సారూ" అన్నాడు ఖాజావలి దిగుతూ. "నా చేతుల్లోనూ ఊగింది."

"నిజంగానా?"

"మూడుసార్లు చూశా. గట్టిగా పట్టుకుంటే ఆగుద్ది. ముందు చూసినాయన బరువు లేకుండా, బిగబట్టి, స్పీడుగా పోయుంటాడు. అట్టా పోతే తెలీదు."

ఓబులేసు పక్కనున్న పాత టైర్ల మీద కూలబడ్డాడు. చంకల్లోంచి చేతులు తీసి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. తిరుపాలమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇంక బండి సంగతి చూడు ఖాజావలీ" అన్నది.

ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి నా ముందు చక్రాన్ని గాలిలోకి లేపాడు. అంచు పక్కన సుద్దముక్క ఆనించి చక్రం తిప్పాడు. గీత చుట్టూ సమంగా పడింది. చక్రం వంకర లేదు. పక్కలకు ఊపి చూశాడు. ఇరుసు దగ్గర కదలిక లేదు. తర్వాత ముందు గొట్టాలు రెండూ అడుగున పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాడు. నా మెడలో టక్కుమంది.

"సారూ, మీరు రండి. హ్యాండిలు ఒక్క వేలితో మెల్లగా తిప్పండి" అన్నాడు.

ఓబులేసు లేచి వచ్చాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. వేలితో నన్ను ఎడమకు తిప్పి, కుడికి తెచ్చాడు. మళ్ళీ ఒకసారి.

"మధ్యలో ఆగుతోంది. సరిగ్గా మధ్యలో. ఏదో గుంటలో పడి లేచినట్టుంది."

"అదే సారూ జబ్బు. మీరే పట్టుకున్నారు."

విప్పి చూపించాడు. హ్యాండిలు తిరిగేచోట పైనా కిందా రెండు ఉక్కు గిన్నెలు, వాటి మధ్య చిన్న చిన్న ఉక్కు గుండ్లు ఉంటాయి. కోన్‌సెట్ అంటారు. కింది గిన్నెలో వరసగా గుంటలు పడ్డాయి. చక్రం నేరుగా ఉన్నప్పుడల్లా గుండ్లు వాటిలోనే కూర్చుంటున్నాయి. పైన నట్టు కూడా వదులైంది.

"ఎప్పుడో గట్టి దెబ్బ తగిలుంటది" అన్నాడు ఖాజావలి.

తిరుపాలమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఎప్పుడయ్యా? నాకు చెప్పలేదే?"

ఓబులేసు ఆ గిన్నెను మరింత శ్రద్ధగా పరీక్షించసాగాడు.

కొత్త కోన్‌సెట్ వేసి, గ్రీజు నింపి, నట్టు మరీ బిగించకుండా, మరీ వదలకుండా సరిచేశాడు. ఇంటికి నన్నెక్కే వెళ్ళారు. దిగుడులో ఆయన చేతులు తేలిక చేశాడు. నేను నూలు పట్టినట్టు నేరుగా పోయాను. వెనక తిరుపాలమ్మ ఏదో అంటోంది, ఆయన ఎందుకో బిగ్గరగా నవ్వుతున్నాడు.

మరునాడు పిలవకుండానే గురవమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె బర్రెకు చొప్ప వేస్తోంది.

"ఇప్పుడెట్టుందయ్యా ఒంట్లో?" అని ఆమే ముందు అడిగింది. "నీకు బాలేదంటే పోలేరమ్మకు మొక్కుకున్నా."

ఆయన తల దించుకున్నాడు. "ఆ రోజు నాకు జబ్బు లేదు గురవమ్మా. నా చేతులు వణుకుతున్నాయనుకున్నా. భయపడి రాలా. నేను వచ్చుంటే నీ దూడ బతికేదేమో."

గురవమ్మ చేతిలో చొప్ప అలాగే ఉండిపోయింది. ఆమె కళ్ళల్లో కోపం కనపడింది. తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా.

"భయమైతే భయమని చెప్పాల గదయ్యా! పక్కన నిలబడి చెప్పినా సాలు, నేను లాగేదాన్ని. నీ చేతులు వణికితే నా చేతులు లేవా?"

ఆమె చొప్ప బర్రె ముందు పడేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, "సర్లే, వచ్చినోడివి దీని పొదుగు చూడు. పాలు సరిగ్గా దిగటంలా" అన్నది. ఆయన చెంబెడు నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు.

తర్వాతి ఏడు అదే బర్రె మళ్ళీ ఈనింది. ఈసారీ కష్టమే అయింది. మిట్టమధ్యాహ్నం గురవమ్మ ఫోను చేయగానే వెళ్ళాం. ఆయన లోపలికి చెయ్యి పెట్టి దూడ తల సరిచేశాడు. తర్వాత ఆయన ఒక కాలు, ఆమె ఒక కాలు పట్టుకుని లాగారు. పెయ్యదూడ బయటపడి, తల విదిలించి, తుమ్మింది.

ఇద్దరూ ఆయాసపడుతూ నేల మీదే కూర్చుండిపోయారు. అంతసేపు లాగినందుకు ఓబులేసు చేతులు మోచేతుల దాకా గడగడా వణుకుతున్నాయి. ఆయన వాటిని గురవమ్మకు చాచి చూపించి నవ్వాడు. ఆమె తన చేతులు చాచి చూపించింది. అవీ వణుకుతున్నాయి.