మూడుసార్లూ పడని వేలిముద్ర

శాసనసభ్యుడిగారి తల్లికి తను చచ్చిపోయిన సంగతి పదకొండు రోజుల తర్వాత గానీ తెలియలేదు.

కొడుకు ఏ సభలో మైకు పట్టుకున్నా ‘జవాబుదారీతనం’ అనకుండా దించడు. అందుకే జనం అతనికి జవాబుదారీ అని పేరు పెట్టేశారు. పన్ను కట్టేవాళ్ళ సొమ్ము దొంగల చేత కక్కిస్తానని శపథం చేసి, పట్టుబట్టి ఒక రూలు తెచ్చాడు. పింఛను తీసుకునే ముసలీ ముతకా అంతా స్వయంగా వచ్చి యంత్రం మీద వేలు పెట్టాలి. మూడుసార్లు ముద్ర పడకపోతే యంత్రమే ‘మృతి’ అని రాసేసుకుంటుంది. మధ్యలో గుమాస్తా చెయ్యి పెట్టకూడదు. గుమాస్తాలు లంచాలు తింటారు, యంత్రానికి నోరే లేదాయె!

తల్లి ముప్పై రెండేళ్ళు సర్కారు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికింది. బ్లీచింగు నీళ్ళలో పిండీ పిండీ ఆవిడ వేళ్ళు గాజుగోళీల్లా నున్నబడిపోయాయి. ఇప్పుడు బంగళాలో ఉన్నా పింఛను మాత్రం తన చేతికే రావాలి. కోడలి ముందు చెయ్యి చాచే ఖర్మ తనకేం పట్టింది? యంత్రాన్ని ఇంటికే తెప్పిస్తానని కోడలు అంటే, “నా కొడుకు పెట్టిన రూలు నాకు మాత్రం వర్తించదా?” అని గర్వంగా వెళ్ళి వరసలో నుంచుంది. మూడుసార్లు వేలు పెట్టింది. అక్కడివాళ్ళు ఇక వెళ్ళమంటే పని పూర్తయిందనుకుని ఇంటికొచ్చేసింది పిచ్చితల్లి.

ఒకటో తారీఖున పింఛను రాలేదు. ఆఫీసుకెళితే గుమాస్తా కంప్యూటరు చూసి, ఆవిడ వంక చూసి లేచి నుంచున్నాడు.

“అమ్మగారూ, మీరు చనిపోయారని ఉందండీ ఇందులో.”

“నీ మొహం! ఎదురుగా నుంచుంటే కనపడటం లేదా?”

“నాకు కనపడుతున్నారండీ. దీనికి కనపడాలి కదా!”

“బతికే ఉన్నానని రాసి సంతకం పెడతాను, తే.”

“చనిపోయినవాళ్ళ సంతకం చెల్లదండీ. ‘ఈవిడ బతికున్నట్టు నేనెరుగుదును’ అని మీ శాసనసభ్యుడు సంతకం పెట్టాలి.”

ఓస్, ఇంతేనా అనుకుంది ఆవిడ. కాగితం తెచ్చి, అన్నం తింటున్న కొడుకు పక్కన పెట్టింది. అతను చదివి తల గోక్కున్నాడు.

“సమావేశాలు అయిపోనీవే అమ్మా.”

“నేను బతికున్నానని చెప్పడానికి సమావేశాలెందుకురా?”

“చచ్చినవాళ్ళ పేరున తింటున్న నాలుగువేల పింఛన్లు పట్టుకున్నానని రేపు విలేకరులకి చెప్తున్నానే! ఒక్కళ్ళు బతికొచ్చారంటే మిగతావాళ్ళూ లేచొస్తారు. నెలనెలా ఆ డబ్బేదో నేనిస్తాగా!”

“నీ డబ్బెవడిక్కావాలి? నా కష్టం నాకు కావాలి. అయినా నాకు నువ్విస్తావు సరే, వరసలో నా వెనకాల నుంచున్న సూదిపోట్లకి వేళ్ళరిగిన ఆ కుట్టుపనామెకి ఎవరిస్తారు?”

జవాబుదారీ ఫోనొచ్చిందని లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బంగళా ముందు హాల్లో విలేకరులు దిగారు. అప్పటికే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, బల్లమీదున్న మృతుల జాబితా అంతా తిరగేసి, కర్టెన్ వెనక నుంచుని ఉంది. కొడుకు ఆ లావాటి జాబితాని అరచేత్తో చరిచి మరీ ఉపన్యాసం దంచాడు. వెనక వరసలోంచి ఒక విలేకరి అమ్మాయి లేచింది.

“వీళ్ళంతా నిజంగా చనిపోయినవాళ్ళేనా సార్?”

“ఒక్క పొరపాటు కూడా లేదు. మా అమ్మ మీద ఒట్టు!”

ఆవిడ ఒళ్ళు భగ్గుమంది. ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఈ చేతులు పుళ్ళుపడేలా ఉతికి చదివించింది వీణ్ణా! కర్టెన్ పక్కకి నెట్టి నేరుగా మైకుల ముందుకొచ్చింది.

“పందొమ్మిదో పేజీ తియ్యండి. కిందనుంచి నాలుగో పేరు నాది. వీడు ఒట్టేసిందీ నా మీదే.”

పేజీలు గబగబా తిరిగాయి. విలేకరి అమ్మాయి మైకు ముందుకి చాపింది.

“సార్, ఈవిడ మీ అమ్మగారేనా?”

జవాబుదారీ జాబితా వంక చూశాడు. తల్లి వంక చూశాడు. మళ్ళీ జాబితా వంక చూసి గొంతు సవరించుకున్నాడు.

“ఆ విషయం మీద విచారణకి ఆదేశిస్తాం” అన్నాడు.