ఎర్రగుడ్డ కట్టిన గంప

వాక్యాలు కలపడం పిల్లలకు నేర్పించి జీతం తీసుకునే దాన్ని. అదే పాఠం మా అయ్యకు చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నేను గజపతినగరంలో తెలుగు టీచర్ని. మా అయ్య అసిరయ్య మా రేవులో పేరున్న చేపల వేటగాడు. పోయిన కార్తీకంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. చెయ్యి కాస్త తిరిగొచ్చింది. మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చేది. నీళ్ళు. ఆకలి. అంతే. ఎలాగోలా మాట్లాడిస్తూనే ఉండమన్నాడు డాక్టరు.

మా అమ్మ గున్నమ్మ బాధ వేరు. అయ్య పడిపోయిన పొద్దున ఇద్దరికీ రేవులోనే పెద్ద గొడవైంది. అమ్మ ఒడ్డున నిలబడి ఉండగానే అయ్య తెచ్చిన చేపలన్నీ లక్ష్మణమ్మ పిన్ని గంపలో పోసేసి నడిచిపోయాడు. మా రేవులో మొగుడు తెచ్చిన చేప పెళ్ళాం చేతికే రావాలి. ఇంకో ఆడదానికి పోస్తే ఊరంతా బుగ్గలు నొక్కుకుంటారు. అమ్మ ఊరుకుంటుందా? అడ్డంపడి కడిగేసింది. అయ్య "నిన్ను కట్టుకున్న కాడి నుంచీ నాను..." అని అందుకున్నాడు. అంతే, ఇసకలో కూలబడిపోయాడు.

తెలుగు వాక్యంలో అసలు మాట చివర్న వస్తుందని ఏళ్ళ తరబడి చెబుతున్నాను గానీ, దాని దెబ్బ ఇంతగా తగులుతుందనుకోలేదు. 'ఏం సుఖపడ్డాను' అనబోయాడని అమ్మ తనంతట తనే ఆ వాక్యం పూర్తి చేసుకుంది. అన్నం తినిపిస్తూ, మూతి తుడుస్తూ, అదే తలుచుకుని కుమిలిపోయేది. అడిగి చూస్తానంటే వద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆదివారాలు ఊరికి వెళ్ళి పాఠం మొదలుపెట్టాను. మొదట పుస్తకంలో వాక్యాలు పట్టుకెళ్ళాను. సీత బడికి వెళ్ళింది, సీత పాఠం విన్నది. కలపమంటే అయ్య గోడవైపు తిరిగాడు. సీత ఎవరో, బడికెళ్తే ఆయనకేమిటో! నాకు ముందు ఒళ్ళు మండింది, తర్వాత బుద్ధొచ్చింది. పుస్తకం మూసి పులుసు గిన్నె ముందు పెట్టాను. అమ్మ పులుసు వండింది, పులుసు బాగుంది అన్నాను. అయ్య చాలాసేపు పెదాలు కదిపాడు.

"గున్నమ్మ... వండిన పులుసు... బాగున్నాది."

అమ్మ ఇంకో గరిటె వేసింది.

తర్వాత 'గానీ' వచ్చింది. అది వచ్చాక ఇంక ఆయన్ని పట్టలేకపోయాం. మాత్ర మింగుతాడు గానీ బెల్లం ముక్క కావాలి. నడుస్తాడు గానీ కర్ర పట్టుకోడు. మనిషి పేచీ పెడుతున్నాడంటే కోలుకున్నట్టేనని అమ్మ మురిసిపోయింది. కానీ ఆయన పొడుగు వాక్యం ఏదైనా ఎత్తుకుంటే చాలు, ఏదో పనున్నట్టు పెరట్లోకి పోయేది.

మొన్న ఆదివారం అమ్మ నీలంరంగు ప్లాస్టిక్ టబ్బులో చేపలు కడుగుతోంది. అయ్య దానివంకే చూస్తూ ఎప్పుడు కొన్నావని అడిగాడు. గంపకి కన్నం పడితే, ఆయన పడిపోవడానికి ముందురోజే కొన్నానంది అమ్మ. ఆ పొద్దున రేవుకి ఇదే తెచ్చావా అన్నాడు. మరింకేం తెస్తానంది. అయ్య ఏదో పొడుగు మాట ఎత్తుకోబోయాడు. అమ్మ లేవబోయింది. సరిగా ముడవని కుడిచేత్తోనే ఆమె కొంగు పట్టుకున్నాడు.

"నిన్ను కట్టుకున్న కాడి నుంచీ నాను... నువ్వు ఎర్రగుడ్డ కట్టిన గంప సూసి గానీ పడవ దిగనేదు. ఆయేల అంతమందిలో అది అగుపడనేదు. అందుకని నువ్వు రానేదనుకున్నాను. నీకేటయ్యిందోనని బయమేసి, సేపలు లచ్చనమ్మకి పోసేసి ఇంటికి పోతన్నాను."

అమ్మ అలాగే కింద కూర్చుండిపోయింది. చేతులనిండా చేపల పొలుసే, కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

"ఈ మాట సెప్పడానికి ఇన్నాల్లా, సచ్చినోడా" అంది.

వాక్యం ఎంత బాగా కలిపాడో చెప్పి అయ్యను మెచ్చుకుందామని నోరు తెరిచాను. ఇద్దరిలో ఒక్కరు నా వైపు చూస్తే ఒట్టు. కాసేపటికి అమ్మ లేచి, చేతులు కడుక్కుని, అటక మీది కన్నం గంప దింపింది. దానికున్న ఎర్రగుడ్డ దులిపి మళ్ళీ గట్టిగా కట్టి, అయ్య మంచంమీంచి కనబడేలా గుమ్మం పక్కన తగిలించింది.