ప్లగ్గులన్నీ పీకాక

“నీ తడిగుడ్డే దాన్ని చంపింది” అన్నారు మా ఆయన, కుర్చీలోంచి లేవకుండానే. కంప్యూటర్ తెర మీద కంపెనీ గుర్తు వచ్చి, దాని కింద చుక్కలు కాసేపు తిరిగి, అక్కడే ఆగిపోతోంది. పొద్దుటినుంచీ ఇదే వరస. దుమ్ము తుడవకపోతే “ఇల్లా, గోడౌనా?” అంటారు, తుడిస్తే ఈ మాట. ఈ ఇంట్లో పాలు విరిగినా, కుళాయి కారినా, నా చెయ్యే తగిలి ఉంటుంది.

“సాయంత్రం పాత సామాన్లవాడు వస్తాడు, ఇచ్చి పారేద్దాం. అందులో మనకేముంది గనక!”

అందులో మా అక్క ఉంది. ఆఖరిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పిన కబుర్లు, నవ్వు, మధ్యమధ్య దగ్గు, అన్నీ రికార్డు చేసి అందులోనే దాచుకున్నాను. ఇంకెక్కడా లేవు. మనిషి ఎలాగూ పోయింది. ఇప్పుడు గొంతు కూడా పోతే?

ఇంట్లో ఫ్యూజు ఊరికే పోతుంటే నేను చేసే పని ఒకటుంది. మిక్సీ, ఇస్త్రీపెట్టె, అన్నీ పీకేసి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ వస్తాను. ఏది పెట్టగానే ఫ్యూజు పోతే అదే దొంగ. ఇక్కడా అదే మొదలుపెట్టాను. తెర, కీబోర్డు ఉంచి ప్రింటర్ తీగ పీకాను, స్పీకర్ల తీగ పీకాను.

“ఏంటే ఆ పీకుడు? ఉన్నది కూడా ఊడుతుంది!”

వెనక తడుముతుంటే గోరంత పెన్‌డ్రైవ్ తగిలింది. నిన్న ఆయన పాటలు ఎక్కించుకుని మర్చిపోయినది. తీసేసి మీట నొక్కి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి చుక్కలు పోయి, రోజూ కనిపించే తెర వచ్చేసింది. నమ్మకం చాలక కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టి, మీట నొక్కి చూశాను. ఆగిపోయింది. తీశాను, నడిచింది. స్పీకర్లు తగిలించి అక్క దగ్గరికి వెళ్లాను.

“ఏమే, తిన్నావా? మీ ఆయనకి పెట్టావా అని కాదు, నువ్వు తిన్నావా?”

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముందు ఆ గొంతు ఫోన్‌లోకి కూడా ఎక్కించుకున్నాను.

“చూశావా, తడి ఆరేసరికి అదే వచ్చింది” అన్నారు ఆయన.

మామూలుగా అయితే “పోనీలెండి” అనేదాన్ని. నావాళ్లందరూ చెప్పాపెట్టకుండా వెళ్లిపోయినవాళ్లే. ఏ మాట ఆఖరి మాటవుతుందోనన్న భయంతో ఇన్నేళ్లూ జవాబులన్నీ మింగుతూ వచ్చాను. ఈసారి పెన్‌డ్రైవ్ తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

“తడి కాదండీ, ఇది. మీరు మర్చిపోయినది. తప్పు మీది.”

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “ఇంత లేదు, దీనికా ఇంత గొడవ?” అని గొణిగి, పేపరు తీసుకున్నారు.

అంత మాట అన్నాక కూడా ఆయన ఇంట్లోనే ఉన్నారు. నేనూ ఉన్నాను.