సంపేసిన కారం

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు. ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునేవాళ్ల బతుకూ అంతే. రివ్యూలు లేనిదే ఎవరూ కొనరు, ఎవరూ కొననిదే రివ్యూలు రావు. మైదుకూరు స్వర్ణలత బడిలో టీచరు ఉద్యోగం మానుకుని మరీ తెల్లగడ్డ కారం అమ్మకానికి పెట్టింది. నెలలు గడిచినా ఆ పాకెట్టు ఫొటో కింద ఒక్క స్టారు వెలిగితే ఒట్టు. మొగుడు నారాయణ దసరా దాకా చూస్తానన్నాడు. అప్పటికీ అమ్మకాలు లేవకపోతే మళ్లీ బడికి పొమ్మన్నాడు.

చివరికి ఆ ఆన్‌లైన్ అంగడివాళ్లే ఒక దారి చూపించారు. కొత్త సరుకును వాళ్లు ఎంచిన కొందరికి ఉచితంగా పంపాలి. వాళ్లు వాడి చూసి ఉన్నదున్నట్టు రాస్తారు. ఎవరికి పోతుందో అమ్మేవాళ్లకు చెప్పరు. వాళ్లను పలకరించడానికి వీల్లేదు, పలకరిస్తే ఖాతా మూసేస్తారు. సరేనని స్వర్ణలత పాకెట్లు పంపింది. కారం చేసే చేయి మాత్రం ఆమెది కాదు, అత్త రామలక్ష్మమ్మది. మిరపకాయలు వేయించడం దగ్గర్నుంచి తెల్లగడ్డలు దంచడం దాకా ఆమె ఇంకొకరిని ముట్టనివ్వదు.

రివ్యూలు రానే వచ్చాయి. "పాకెట్టు బాగుంది. ఇంకా విప్పలేదు" అని ఒకరు మూడు స్టార్లు ఇచ్చారు. "ఫొటోలో చెంచా ఉంది, పాకెట్లో చెంచా రాలేదు" అని ఇంకొకరు ఒక్క స్టారుతో సరిపెట్టారు. మూడో మహాతల్లి మూడేళ్ల పిల్లాడికి పెట్టి చూసిందట, వాడు ఏడ్చాడట! ఊరికే వచ్చిన కారం గనుక ఇన్ని వంకలు. స్వర్ణలత ఫోను గోడకేసి కొట్టబోయి, దాని ఖరీదు గుర్తొచ్చి ఆగింది.

అప్పుడు వచ్చింది, ఓర్వకల్లు నుంచి ప్రేమయ్య అనే ఆయన రాసిన రివ్యూ. అయిదు స్టార్లు. "సంగటిలోకి ఏసుకొని తింటి. సంపేసినారు పో! నెత్తిన మంట, కండ్లల్లో నీళ్లు. మా అమ్మ సచ్చిపోయినాక ఇట్లాంటి కారం మళ్లా ఇప్పుడే తింటి. ఈ కారం దంచిన చేతికి దండం."

స్వర్ణలత చదివి వినిపించింది. రామలక్ష్మమ్మ రోకలి పక్కన పెట్టింది. ఆ ఇంట్లో వంట బాగుంటే మాట్లాడకుండా తింటారు, బాగాలేకపోతే తట్ట పక్కకు నెడతారు. మెచ్చుకోవడమనే అలవాటు మూడు తరాలుగా లేదు.

"ఇంకోసారి సదువు పాపా," అంది ఆమె. ఆ రోజంతా ఆమెకు అదే పండగ. వచ్చినవాళ్లకల్లా కోడలిచేత చదివించింది.

మర్నాడు పొద్దున స్వర్ణలత ఫోనులో అంగడి తెరిచి చూస్తే సరుకే లేదు. "ప్రాణాపాయం కారణంగా అమ్మకం నిలిపివేయబడింది" అని ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వెంటనే సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

"మీ కారం తిని ఒక పెద్దావిడ చనిపోయినట్టు నమోదైంది మేడమ్," అంది అవతలి అమ్మాయి.

"ఎవురమ్మా సచ్చిపోయింది?"

"కస్టమర్ గారి తల్లి. ఆయనకు కూడా తలమీద మంటలట. చంపేశారని స్పష్టంగా రాశారు."

"అది మెచ్చుకోలు తల్లీ! మా పక్క శానా బాగుంటే అట్లనే అంటారు. వాళ్లమ్మ ఎప్పుడో పోయింటాది. ఆమె చేతి రుచి మళ్లా దొరికిందని రాసినాడు ఆయప్ప. నువ్వు తెలుగు పిల్లవే గదా, నీకు అర్థం కాల్యా?"

"నాకు అర్థమైంది మేడమ్. సిస్టమ్‌కు అర్థం కాలేదు."

"దానికి నువ్వే చెప్పు మరి!"

"నేను చెప్తే తీసుకోదు మేడమ్. కస్టమరే చెప్పాలి."

"ఆయప్ప నంబరియ్యి, నేనే చెప్పిస్తా."

"కస్టమర్‌ను పలకరిస్తే మీ ఖాతా పోతుంది మేడమ్."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. స్వర్ణలతకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అవతలి అమ్మాయి కూడా జాలిపడి ఒక ఉపాయం చెప్పింది. తెరమీద రెండు గడులు ఉంటాయి: రాసింది నిజం, రాసింది అబద్ధం. అబద్ధమని నొక్కితే సాయంత్రానికల్లా సరుకు మళ్లీ అమ్మకానికి వస్తుంది. మూడో గడి లేదు.

"ఏమంటాంది ఆ పాప?" అంది రామలక్ష్మమ్మ.

"ఆయప్ప రాసిందంతా అబద్ధమని మనం చెప్పల్లంట అత్తా."

"వద్దు పాపా. అమ్మను తల్చుకోని రాసినాడు. మెచ్చుకున్నోణ్ణి మనమే అబద్ధాలకోరును చేస్తామా?"

"మరేం చేయమంటావు? అంతా మూసేసి బడికి పోయి కూచోనా?" స్వర్ణలత గొంతు లేచింది. "ఆయప్ప ఎవురో కూడా మనకు తెలీదు!"

రామలక్ష్మమ్మ రోలు దగ్గరికి వెళ్లిపోయింది. స్వర్ణలత మధ్యాహ్నం దాకా ఫోను పట్టుకుని కూర్చుంది. దసరా ఎంతో దూరం లేదు. చివరికి కళ్లు మూసుకుని నొక్కేసింది.

సాయంత్రం సరుకు తిరిగి వచ్చింది. కింద ఒక సందేశం: "ధన్యవాదాలు. తప్పుడు రివ్యూ తొలగించాం. రాసిన వ్యక్తిని ఈ పథకం నుంచి శాశ్వతంగా తప్పించాం." చెంచా రాలేదన్న రివ్యూ మాత్రం చెక్కుచెదరలేదు. స్వర్ణలతకు తనమీద తనకే అసహ్యమేసింది.

"అంగడి తెరిచినారత్తా," అంది, అంతకన్నా చెప్పే ధైర్యం లేక.

"సూసినావా!" రామలక్ష్మమ్మ ముఖం విప్పారింది. "అబద్ధం ఆడకపోయినా పని అయింది గదా. ఊరికే నామీద అరిస్తివి." ఆమె లోపలికి వెళ్లి ఒక పాకెట్టు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "ఇది ఆయప్పకు పంపు. ఈసారి తెల్లగడ్డలు ఇంకొంచెం ఎక్కువ ఏసినా. ఏం రాస్తాడో సదివి చెప్పల్ల నాకు."

"చెప్తాలే అత్తా," అంది స్వర్ణలత.