ఇంటిదారి పట్టిన పేరా

బెర్గెన్‌లో వాన పడని వారం ఒక్కటి చూపించండి, నా చీపురు మీకిచ్చేస్తా. అక్కడో కాలేజీ లైబ్రరీలో ఇరవై రెండేళ్లు నేల తుడిచినవాణ్ణి. నాకన్నా ఎక్కువ పుస్తకాలు దాటిన మనిషి నార్వే మొత్తంలో లేడు. చదవలేదనుకోండి, అది వేరే సంగతి.

మంగళవారం తొమ్మిదింటికి లైబ్రేరియన్ బోర్గిల్ పాఠం. పుస్తకాలు ఎలా వెతకాలో, ఎవరి మాట వాడుకుంటే వాళ్ల పేరు కింద ఎలా రాయాలో పిల్లలకి నేర్పేది. సరిగ్గా రాయకపోతే ఆ లైబ్రరీలో వాక్యాలు నిలవవు. కాయితం దిగి, చీమల్లా బారుకట్టి, వాటి సొంత పుస్తకంలోకి అవి పోతాయి. అట్టేసి కుట్టిన పుస్తకాల్లోంచి మాత్రం కదల్లేవు. ఓసారి ఒక పెద్దమనిషి ఉపన్యాసమంతా మెట్లు దిగిపోయి, "అందరికీ నమస్కారం" ఒక్కటే మిగిలింది. నా తడి నేలంతా మరకలు!

ఆ మంగళవారం తూవా అనే అమ్మాయికి ఒంటిగంటకి పరీక్ష, లైబ్రరీ పై గదిలోనే. హెర్రింగ్ చేపలకి ఉప్పు పట్టించే ఆడవాళ్ల మీద రెండేళ్లు కష్టపడి థీసిస్ రాసింది, ప్రశ్నలన్నీ దాని మీదే. పదకొండున్నరకి చీజు రొట్టె నములుతూ పేజీలు తిప్పుతోంటే, అసలైన పేరాయే బల్ల దిగి నడక మొదలెట్టింది.

"బోర్గిల్! నేను పేరు రాశానుగా! ప్రొఫెసర్ గున్‌లైక్ పుస్తకం, ఎనభై ఎనిమిదో పేజీ!"

"ఆయనకెక్కడిదో చూశావా?"

"అంతటాయన రాశాక ఇంకేం చూడాలి?"

"మీ అందరి జబ్బూ అదే తల్లీ. వడ్డించినోడి పేరు రాసేసి, వండింది ఎవరో అడగరు. పద, దాని వెనకాలే పోదాం."

పేరా గున్‌లైక్ పుస్తకమున్న బీరువా వైపు తలైనా తిప్పలేదు. బేస్‌మెంటులోకి దిగి, టైపు కొట్టిన ఓ పల్చటి కట్టలోకి దూరింది. పైన పేరు ఓగోత్ నెస్సె, చేపలకి ఉప్పు పట్టించే ఆవిడ. గున్‌లైక్ పుస్తకానికి ఇరవై ఏళ్ల ముందుది. అక్షరం తేడా లేదు.

తూవా మొహం పాలిపోయింది. "పరీక్ష పెట్టేదే ఆయన. ఈవిడ పేరు రాస్తే పాస్ చేస్తాడా?"

"చెయ్యకపోవచ్చు."

"రాయకపోతే?"

"తెల్లకాయితం పట్టుకెళ్తావ్. పన్నెండున్నరైంది, చూసుకో."

తూవా ఓగోత్ పేరు రాసింది. పేరా మెట్లెక్కొచ్చి కుదురుగా కూచుంది.

పై గదిలో గున్‌లైక్, ఇంకో ఇద్దరు పరీక్షకులు, వాళ్లలో ఒకరు పెద్దావిడ. తలుపు బయట నేను తుడుస్తూ ఉన్నా, తలుపుకి అద్దముంది, నా చెవులకి తిరుగులేదు.

"ఎవరీ ఓగోత్?" అన్నాడు గున్‌లైక్.

"చేపలకి ఉప్పు పట్టించిన ఆవిడ. ఈ మాటలు ఆవిడవి."

"అచ్చుకాని కాయితాలు లెక్కలోకి రావమ్మాయ్. ఆ పేరు కొట్టేయ్. లేదంటే నేను సంతకం పెట్టను."

కాయితం బల్ల మీద ఆయన వైపు జరిగిన చప్పుడు.

"నేను కొట్టను. మీరే కొట్టేయండి."

ముప్పై ఏళ్లుగా తనదే, తనదే అనుకుని, ఆయన లెక్కలో ఆ పేరా ఆయనదే అయిపోయింది మరి. కలం తీసి ఓగోత్ పేరు అడ్డంగా గీసేశాడు.

పేరా లేచింది. ఆయన వేళ్ల మీదుగా, చొక్కా చేతి మీదుగా దిగి, తలుపు కింద దూరి, నా బక్కెట్ పక్కనించి మెట్లు పట్టింది. ఆ ఇద్దరూ కాఫీ కప్పులతోనే లేచి దాని వెనకాల దిగారు.

తిరిగొచ్చినప్పుడు పెద్దావిడ చేతిలో పల్చటి కట్ట ఉంది. తూవా కాయితం మీద ఓగోత్ పేరు తన చేత్తోనే మళ్లీ రాసి, గున్‌లైక్ వైపు చూసింది.

"కాస్త ఆ కుర్చీ ఇవ్వండి. మిగతా ప్రశ్నలు నేనడుగుతా."