దూడ పర్మిట్

మా పక్కింటి బోర్గ్‌హిల్ కొట్లో కాఫీపొడి కొంటూ అందట: "గుల్‌బ్రాండ్ అల్లుడు కొమ్ములు చూసి ఆడజింకని మగదనుకుని కొట్టాడంట. పెళ్లాన్నెలా పోల్చుకున్నాడో!" ఆమెకెవరు చెప్పారో గానీ, ఆ రోజు కొండమీద వేటకెళ్లింది మేం ముగ్గురమే. గుల్‌బ్రాండ్, అతని అల్లుడు సివర్ట్, నేను.

సివర్ట్‌ది సముద్రపొడ్డు. చేపలు కోసిన చేతులు. కొమ్ములున్న జింక మగదేననుకునే మనిషి. మా మంచుకొండల రెయిన్‌డీర్ జింకల్లో ఆడవాటికీ కొమ్ములుంటాయి. మగవి చలి ముదిరేలోపే రాల్చేసుకుంటాయి, చూలుది మాత్రం ఈనేదాకా మోస్తుంది. అందుకే మావాళ్లు తల చూడరు. తోక లేచేదాకా ఆగి, వెనక చూస్తారు.

వేటకి ఒక్కో పర్మిట్ మీద ఒక్క జింకనే కొట్టాలి, అదీ అందులో రాసిన రకాన్నే. సివర్ట్ పర్మిట్‌కి ఆడదైనా చిన్న మగదైనా చెల్లుతుంది. మగదాన్నే కొడదామనుకున్నాడు. సన్నకొమ్ములదొకటి పక్కకి తిరగ్గానే పేల్చాడు. అది కూలాక గానీ దాని చాటునున్న దూడ కనపడలేదు.

మంద పారిపోయింది. దూడ కొంత దూరం పోయి వెనక్కొచ్చింది. తల్లి పొదుగులో మూతి పెట్టి తాగింది.

తల్లి పడితే దూడనీ అక్కడే కొట్టెయ్యాలి. అది మా కట్టుబాటు. చలికాలం మంచు తవ్వి, అడుగునున్న పాచి దూడకి పెట్టేది తల్లే. తల్లిలేనిది ఏ గుంట దగ్గరికెళ్లినా, ఆ గుంట తవ్వుకున్న ఆడది కొమ్ములతో కుమ్మి తరుముతుంది. చావు నెలల తరబడి సాగుతుంది. ఈ మాట సివర్ట్‌కి నేనే చెప్పాను. మా ముగ్గురిలో దూడ పర్మిట్ మిగిలింది గుల్‌బ్రాండ్ దగ్గరే.

"మామయ్యా, దాన్ని కొట్టెయ్యండి."

"ఈ బక్కదానికా? ఇంకో వారానికి బలిసింది దొరుకుద్ది. నీ తప్పు కడగడానికి నా పర్మిట్ తగలెయ్యాలా?"

"ఆకలికి మాడి చస్తుంది మామయ్యా."

"చావనీ. తోక కింద ఎందుకు చూడాలో అప్పుడు తెలుస్తుంది. ఇది చేప కాదల్లుడూ."

"కట్టుబాటు కదా అన్నా," అన్నాను.

"నీ పర్మిట్ తియ్, కొడదాం," అన్నాడు. నాది ఆదివారమే అయిపోయింది.

సివర్ట్ తుపాకీ ఎత్తాడు. గుల్‌బ్రాండ్ గొట్టం మీద చెయ్యేసి కిందికి నొక్కాడు. "కొట్టు. నేనే వేట అధికారికి ఫోన్ చేసి చెప్తా. తుపాకీ లైసెన్సు పోతే అల్లుడివని చూడను."

తర్వాత కత్తి అతని చేతికిచ్చి తల్లి పొట్ట చీల్చమన్నాడు. దూడ రాయివేటు దూరంలో నిలబడి గురగురమని పిలుస్తూనే ఉంది. తోలు ఒలిచేసరికి దగ్గరికొచ్చింది. మూతి చాపి వాసన చూసింది, గుర్తుపట్టక వెనక్కి తగ్గింది. సివర్ట్ దాన్ని తరమడానికి రాళ్లు విసిరాడు. అది పోలేదు.

సాయంత్రం గుల్‌బ్రాండ్ ఇంట్లో మీగడ వేసి ఉడికించిన మాంసం, ఆలుగడ్డలు, ఎర్రపళ్ల జామ్. చుట్టుపక్కలవాళ్లూ వచ్చారు. గుల్‌బ్రాండ్ గరిటెతో వడ్డిస్తూ, "తినల్లుడూ, నువ్వు కొట్టిన మగదే!" అన్నాడు. బల్లంతా నవ్వింది.

"దూడేమయింది మరి?" అని అడిగింది అతని భార్య మార్గిట్.

"ఏమౌద్ది? కొండే చూసుకుంటుంది."

సివర్ట్ పళ్లెం పక్కకి నెట్టాడు.

"కొండ చేతిలో ఏం లేదత్తయ్యా. దూడ పర్మిట్ ఈయన జేబులో ఉంది. ఇప్పటికీ ఉంది."