నగర హృదయంలో గుంట మగ్గం

ధర్మవరం పట్టణం నగరం కావాలని నిశ్చయించుకున్నది. ఈ నిశ్చయం తనకు ఎప్పుడు కలిగిందో పట్టణానికే తెలియదు. రైల్వే స్టేషను ఎదుట ఒక ఉదయం వెలసిన ఫ్లెక్సీని చూసి తెలుసుకున్నది. అందులో అద్దాల మేడలు, మేడల నడుమ పచ్చిక, పచ్చిక మీద కాఫీ కప్పుతో నడిచే పసుపు జుట్టు దొరసాని ఉన్నారు. ఇది మన ఊరే సుమా అని నమ్మించడానికి కాబోలు, ఆమెకు పట్టుచీర కట్టారు. కింద బంగారు అక్షరాలతో ‘డౌన్‌టౌన్ ధర్మవరం’ అని రాసి ఉన్నది. ఊరి ఆవులు ఆ పచ్చికను చూసి రెండు రోజులు ఫ్లెక్సీ దగ్గరే తచ్చాడాయి. అభివృద్ధిని అంత హృదయపూర్వకంగా నమ్మినవారు వేరొకరు లేరు.

ఈ మహాకార్యం కోసం ‘నగర హృదయ నిర్మాణ సంస్థ’ అనేది ఒకటి అవతరించింది. దానికి ప్రాజెక్టు అధికారిగా హిందూపురం వాస్తవ్యుడు క్రాంతి కుమార్ విచ్చేశాడు. మంచివాడు, చదువుకున్నవాడు, వీధుల వెడల్పును బట్టే నాగరికతలు నిలుస్తాయని మనసా నమ్మినవాడు. పెనుకొండలో రాజధాని ఎందుకు నిలవలేదని ఎవరైనా అడిగితే, పార్కింగు సదుపాయం చాలక అని తడుముకోకుండా చెప్పగలడు.

అశ్వమేధానికి గుర్రం ఎలాగో రోడ్డు విస్తరణకు ఎర్ర రంగు డబ్బా అలాగ. అది ఏ గోడను తాకితే ఆ గోడ చక్రవర్తికి లొంగవలసిందే. పట్టు దుకాణాల వీధిలో అరుగులు లొంగాయి, మెట్లు లొంగాయి, ఒక బ్యాంకు తన ఏటీఎం గదిని సమర్పించుకున్నది. ఆ దిగ్విజయం వీధి చివర నారాయణమ్మ ఇంటి ముందు ఆగింది.

నారాయణమ్మది నేతపని. ఆమె ముందుగదిలో గుంట మగ్గం ఉన్నది. నేలలో మోకాలి లోతు గుంట తవ్వి ఉంటుంది. నేసేవారు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న తొక్కుడు పలకలు తొక్కుతారు. నిలువు దారాల వరుస, అంటే పడుగు, ఎదుటి గోడ దాకా బిగించి ఉంటుంది. ఎర్ర గీత సరిగ్గా గుంటను ఇంటికీ పడుగును రోడ్డుకూ పంచుతూ పడింది.

నారాయణమ్మ గీతను చూసింది, మగ్గాన్ని చూసింది, అధికారిని చూసింది.

“ఏమప్పా సారూ, నేను ఇంట్లో కూచోని నేస్తాంటే, నా చీర మీద కదిరి బస్సు పోతాదా?”

“అట్ల కాదమ్మా. గది మొత్తం పోతుంది. బదులు మీకు ఫ్లాటు ఇస్తాం.”

“ఫ్లాటు సంగతి ఆనక. నాకు మగ్గం యాడ పెట్టుకునేదో చెప్పు. అది చెప్పినంకనే గోడ మీద చెయ్యి. ఇంగోటి, మగ్గం మీద పడుగు ఉండాది. ఎక్కిన పడుగును కొయ్యరు. మా అత్త కొయ్యలా, నేను కొయ్యను, నిన్ను కొయ్యనియ్యను.”

వీధి జనమంతా గుమిగూడి ఉన్నారు. అంతమంది ముందు ఔదార్యం ప్రదర్శించే అవకాశాన్ని వదులుకోవడం అధికార లక్షణం కాదు. క్రాంతి కుమార్ మగ్గపు గుంజ మీద చేయి వేసి, కొంచెం గొంతు పెంచి అన్నాడు:

“సరే. ఈ పడుగు అయిపోయేంతవరకు ఈ ఇంట్లో ఒక్క ఇటుక కూడా కదలదు. ఇది నా మాట.”

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని అతడు గౌరవం అనుకున్నాడు.

నెల దాటిన తరువాత అతడు మరల వచ్చాడు. మొదటిసారి చూసిన ఆకుపచ్చ పడుగు పోయి, దాని స్థానంలో కుంకుమ రంగు పడుగు మెరుస్తున్నది.

“అమ్మా, ఆ పడుగు అయిపోయింది కదా?”

“యాడైపోయింది? అదే కదప్పా ఇది.”

“అది పచ్చది. ఇది ఎర్రది.”

నారాయణమ్మ భర్త నరసింహులు మూలన కూర్చుని ఉన్నాడు. ఆయన దినానికి నాలుగు మాటలకంటే ఎక్కువ వాడని మనిషి. ఆనాటి వాటాను ఒక్కసారే ఖర్చు పెట్టాడు.

“పచ్చదాని కొసకు ఎర్రది అతికించినాం సార్. ఒగొగ పోగూ మెలేసి. పచ్చది మునుపు పసుపుదాని కొసకు అతికిచ్చిండేది. మగ్గం ఉత్తదైతే మళ్లా అన్ని వేల పోగులూ మొదట్నించి దూర్చల్ల గదా? అంత తీరిక ఎవురికుండాది?”

“అయితే ఈ పడుగు మొదలు ఎప్పుడు?”

“మా నాయన ఎక్కిచ్చినాడు సార్. నా పెండ్లికి మునుపు.” నరసింహులు రేపటి వాటాను కూడా ముట్టుకున్నాడు.

క్రాంతి కుమార్ అక్కడే గుంట అంచున కూలబడ్డాడు. అంతం లేని వస్తువును గురించి వేదాంతులు శతాబ్దాలుగా వాదించుకున్నారు. అది ధర్మవరంలో ఒక ముందుగదిలో ఉన్నదని, దాని మీద ఒక అధికారి చేయి వేసి ప్రమాణం చేస్తాడని వారికి తోచలేదు.

“మీకందరికీ తెలిసి కూడా నాకు ఎవరూ చెప్పలేదే!”

“నువ్వు అడిగితే కదా నాయనా,” అన్నది నారాయణమ్మ. “అంత ఠీవిగా మాటిచ్చేటోన్ని మధ్యలో ఆపితే ఏం బాగుంటాది? చాయ్ తాగుతావా?”

మాటను మరచిపోయే విద్య అతడు సర్వీసులో ఇంకా నేర్చుకోలేదు. నేర్చుకున్నా లాభం లేదు. గోడ పడగొట్టడానికి గుత్తేదారు తెచ్చిన కూలీలు గడప దగ్గర పడుగును చూసి గడ్డపారలు దించేశారు. “మా ఇండ్లల్లో కూడా మగ్గాలుండాయి సార్. ఎక్కిన పడుగున్న ఇల్లు ముట్టం,” అన్నారు. రోడ్డంతా పూర్తయింది. దీపాలు వెలిగాయి. రాతి బెంచీలు వెలిశాయి. ఆ వైభవం మధ్యలోకి నారాయణమ్మ ముందుగది వరుస తప్పిన పన్నులాగ పొడుచుకువచ్చి నిలిచింది. ప్రారంభోత్సవానికి తేదీ కూడా ఖాయమైంది.

ఇలాంటప్పుడే ప్రతిభ పుడుతుంది. క్రాంతి కుమార్ ఒక సాయంత్రం పరుగున వచ్చి అడిగాడు: “అమ్మా, పడుగును కొయ్యగూడదు. అంతే కదా? కొయ్యకుండా మోసుకుపోతే?”

వీధి ఆలోచనలో పడింది. దీనికి పూర్వాచారం లేదు, నిషేధమూ లేదు. చాలాసేపు తర్జనభర్జన జరిగిన మీదట నారాయణమ్మ తీర్పు చెప్పింది.

“మొయ్యొచ్చు. మోసి యాడ దించుతావు? దా, నువ్విచ్చే ఫ్లాటు చూపిద్దువు గానీ.”

ఊరి చివర అపార్టుమెంట్లలో ఆమెకు దక్కిన ఫ్లాటు రెండో అంతస్తులో ఉన్నది. నారాయణమ్మ ముందుగది నడిమధ్యన నిలబడి, మడమతో నేలను రెండుసార్లు తట్టింది.

“ఈడ గుంట తవ్వు సారూ.”

“ఇక్కడ తవ్వితే కింది ఇంటి కప్పు కదమ్మా!”

“అదే నేను చెప్తాండేది. పైన కూచోని నేస్తాంటే నా కాళ్లు కిందోళ్ల ఇంట్లో యాలాడతాండాల్నా?”

ఈ మాటలు కిటికీ గుండా కిందికి చేరాయి. నేలను ఆనుకున్న కింది ఫ్లాటులో దానియేలు, పుష్ప అనే దంపతులు ఉంటారు. ఆయన పెనుకొండ డిపోలో కండక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. మెట్ల దగ్గరికి వచ్చి తల పైకెత్తాడు.

“ఏమక్కా, ఎవురి కాళ్లు? మా వంటింట్లోకా?”

క్రాంతి కుమార్ సందు చూసుకున్నాడు. “దానియేలు గారూ, మీరు పైకి మారి, కిందిది వీళ్లకిస్తే...”

“నా సర్వీసంతా జనాన్ని ముందుకు జరగండి, ముందుకు జరగండి అని తరిమినోన్ని సార్. ఇంగ నేను ఒగ్గడుగు కూడా జరగను. మోకాళ్లు నొప్పి.”

“ప్రార్థనకు బాగానే వంగుతాయే ఆ మోకాళ్లు!” అన్నది పుష్ప వెనుక నుండి. “నువ్వుండు కిందనే. నేను పోతా పైకి. దోమలు ఒగపక్క, వచ్చేటోళ్లు పోయేటోళ్లు కిటికీలో తొంగిచూసి ‘ఏం కూరక్కా’ అని అడిగేది ఒగపక్క. పైన గాలొస్తాది. మా ఊరు రొద్దంలో మిద్దె మీద ఎండబెట్టినట్ల మిరపకాయలు ఎండబెట్టుకుంటా.”

“నేనొగన్నే కింద ఏం చేసేది?”

“గుంటలో కూచో.”

దానియేలు మారడానికి ఒప్పుకున్నాడు.

కింది ముందుగదిలో గుంట తవ్వడానికి సంస్థ ఇంజనీర్లు అభ్యంతరం చెప్పారు. క్రాంతి కుమార్ ఆ గుంటకు నక్షాలో ‘నిమ్నాసన వేదిక’ అని పేరు పెట్టాడు. అభ్యంతరం చెప్పినవారే చప్పట్లు కొట్టారు. నరసింహులు దగ్గరుండి తవ్వించాడు.

ప్రారంభోత్సవం నాటి ఉదయం పడుగు బయలుదేరింది. ముఖ్య అతిథి సాయంత్రం వస్తారు. ఈలోగా మగ్గం తరలిపోవాలి, గది కూలిపోవాలి, రాళ్లు కూడా కనబడకూడదు. రెండు కొసలా వెదురు కర్రలు కట్టి, పోగులు చిక్కుపడకుండా బిగబట్టి, నేతగాళ్లు అటు నలుగురు ఇటు నలుగురు భుజాన వేసుకున్నారు. ముందు నారాయణమ్మ పసుపునీళ్లు చల్లుతూ నడిచింది. కుంకుమ రంగు పట్టు ఎండలో మెరుస్తూ, ఇంకా ఎవరూ నడవని కొత్త రోడ్డు మీద నదిలాగ కదిలింది. దుకాణాలవారు లేచి నిలబడ్డారు. ఒకాయన కొబ్బరికాయ కొట్టాడు. ఆయనను చూసి పక్కాయన కొట్టాడు. పూలు చల్లారు. సాయంత్రం కోసం తెచ్చిన బ్యాండువాళ్లు ఏదో ఊరేగింపు వచ్చిందని నమ్మి, తీసుకున్న బయానాకు న్యాయం చేయసాగారు.

“ఏ దేవుడప్పా?” అని ఆటో డ్రైవరు ఒకడు అడిగాడు.

“తోవ ఇడు. మొక్కుకునేదుంటే మొక్కుకో,” అన్నది నారాయణమ్మ. అతడు మొక్కుకున్నాడు.

ఆ సమయంలోనే చరిత్రలో ఎన్నడూ జరగనిది ఒకటి జరిగింది. ముఖ్య అతిథి ముందుగా వచ్చాడు. పెనుకొండలో సభ రద్దయిందట. ఆలస్యంగా వచ్చే అతిథిని భరించడానికి మనకు శాస్త్రమున్నది, ఓర్పున్నది, పకోడీలున్నవి. ముందుగా వచ్చేవాడిని ఎదుర్కొనే ఏర్పాటు ఏదీ లేదు. కారు సర్కిలు దగ్గర ఆగేసరికి, పడుగు అపార్టుమెంట్ల వైపు మలుపు తిరుగుతున్నది. మలుపులో పొడవైన వస్తువు అడ్డం తిరుగుతుంది. ఆ క్షణాన పడుగు రోడ్డుకు ఈ అంచు నుండి ఆ అంచు దాకా నిండుగా పరచుకుని ఉన్నది. దాని మీద పూలున్నాయి, అటూ ఇటూ మనుషులు పట్టుకుని నిలబడ్డారు, బ్యాండు మోగుతున్నది.

ముఖ్య అతిథి కారు దిగి ముగ్ధుడయ్యాడు. మామూలు రిబ్బన్లు వేల సంఖ్యలో కత్తిరించినవాడు, పట్టుతో చేసిన ఇంత వెడల్పాటి రిబ్బనును ఎన్నడూ చూడలేదు. చేయి చాచాడు. సహాయకుడు పళ్లెంలో కత్తెర అందించాడు.

“ఓ సామీ! కొయ్యొద్దప్పో! కొయ్యొద్దు!” అని నారాయణమ్మ అరిచింది. బ్యాండు హోరులో అది జయధ్వానంలాగ వినిపించింది. ఆయన ఆమెకు నమస్కరించి, కత్తెర తెరిచి ముందుకు వంగాడు. మోసేవాళ్లకు చేతులు ఖాళీ లేవు. వదిలితే పోగులు చిక్కుపడతాయి.

క్రాంతి కుమార్ పరుగెత్తాడు. ముఖ్య అతిథుల చేతికి అడ్డం వెళ్లిన అధికారులకు తరువాతి పోస్టింగు ఎక్కడ వస్తుందో అతనికి తెలుసు. అక్కడికి ఇంకా బస్సు వేయలేదని కూడా తెలుసు. అయినా కత్తెరకూ పడుగుకూ మధ్య దూరాడు. మెడలో గుర్తింపు కార్డు వేలాడే నీలం పట్టీని తల మీదుగా లాగి, రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

“సార్, రిబ్బను ఇది సార్!”

ముఖ్య అతిథి పడుగును చూశాడు, పట్టీని చూశాడు. “మరి అది?”

“అది...” క్రాంతి కుమార్ ఒక్క క్షణం తడుముకున్నాడు. “అది ముందుగా పోవాలి సార్. ఆచారం.”

ఆచారం అనగానే ముఖ్య అతిథి చెప్పులు విడిచాడు. తరువాత పట్టీని కత్తిరించాడు. కార్డు టపీమని రోడ్డు మీద పడింది. ఫొటోలు తీశారు, చప్పట్లు మోగాయి. డౌన్‌టౌన్ ధర్మవరం జాతికి అంకితమైంది. ఆయన వేదిక ఎక్కి, కూలవలసిన గదివైపు వేలు చూపి అదేమిటని అడిగినప్పుడు సంస్థవారు ఏ సమాధానం చెప్పారో క్రాంతి కుమార్‌కు వినబడలేదు. అతడు ఇంకా మలుపులోనే, తెగిన పట్టీ ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏమప్పా, అట్ల గుంజ మాదిరి నిలబడినావే?” అన్నది నారాయణమ్మ. ఆమె కళ్లు తుడుచుకుంటున్నది, కసురుతున్నది, రెండూ ఒకేసారి. “ఈ కొస జారుతాంది. వచ్చి ఒగ చెయ్యి పట్టు.”

ప్రాజెక్టు అధికారి పట్టీ ముక్కలను జేబులో పెట్టుకుని, వెదురు కర్ర కిందికి భుజం దూర్చాడు. పడుగు ఒక్క పోగూ తెగకుండా మలుపు తిరిగింది. అపార్టుమెంట్ల దగ్గరికి చేరేసరికి పుష్ప రెండో అంతస్తు నుండి వంగి కేక వేసింది.

“అక్కా, బిన్నా రాండి! గుంటలో పిల్లి పడుకోనుండాది, ఈయన అదిలిస్తే పోవడంల్యా!”